చెలియలికట్ట దాటిన కడలి

సముద్రతీరమునకు మన పూర్వులు పెట్టిన తెలుగు పేరు చెలియలికట్ట. సంస్కృతమున వేల యందురు. ఎంతటి గాలివాన వచ్చినను, ఎన్ని నదులు వచ్చి కలిసినను సముద్రుడు ఈ కట్టను దాటడనియు, దాటిననాడు ప్రళయమే యనియు మన కావ్యములు చెప్పుచున్నవి. రాజును పొగడవలసివచ్చినపుడు వేలను మీఱని సముద్రునితో పోల్చుట కవులకు పరిపాటి. మర్యాద యను శబ్దమునకు హద్దు, పొలిమేర, తీరము అని యర్థములు కలవు. మంచి నడవడి యను నర్థము ఆ హద్దులోనుండియే పుట్టినది. నేను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు ఈ యుపమానమును విప్పి చెప్పితిని. ఉద్యోగము విరమించి ఇంట కూర్చున్న పిదప, సముద్రమట్టమును గూర్చిన లెక్కలు చదువుచుండగా, ఇది మన కన్నులయెదుటనే చెల్లని కాసగుచున్నదని తోచినది.

ఆ లెక్కలు క్లుప్తముగా మనవిచేసెదను. శీతోష్ణస్థితి మార్పులను పరిశీలించుటకు ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున ఏర్పడిన అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల సంఘము 2021వ సంవత్సరమున ఒక నివేదిక ప్రకటించెను. దానినిబట్టి 1901 మొదలు 2018 వఱకు లోకమందలి సముద్రమట్టము సగటున 20 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు జానెడు, పెరిగినది. 1901-1971 నడుమ ఏటికి 1.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిన నీరు 2006-2018 నడుమ ఏటికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినది. బొగ్గును, పెట్రోలును మనుష్యులు కాల్చగా భూమి వేడెక్కుచున్నది. వేడెక్కిన నీరు ఉబ్బును. గ్రీన్లండునందును, దక్షిణధ్రువ ఖండమునందును, పర్వతములమీదను ఉన్న మంచు కరగి కడలిలో చేరును. జానెడే కదా యని తీసివేయరాదు. నేల యెత్తు మనిషి నిలువెత్తుకు మించని దీవిలో జానెడు నీరనగా బావినీరు ఉప్పనగుట, దుంపలు పండు గోతులలో ఉప్పు ఊరుట, పెద్దపోటు నాడు తాతముత్తాతల సమాధులమీదికి అల వచ్చుట.

శాస్త్రవిషయము చెప్పవలసినవారు వేఱుగ నున్నారు. నేను చెప్పదలచినది వాఙ్మయ చరిత్ర. సముద్రము నేలను తీసికొన్నపుడు ఆ నేలమీది జనము పాటలోను, ఆటలోను, బొమ్మలోను ఏమి చెప్పుకొనిరి, ఇపుడేమి చెప్పుకొనుచున్నారు, ఈ రెంటికిని భేదమేమి - ఇంతమాత్రమే.

మనకు తెలిసిన మునిగిన పట్టణములలో మొదటిది ద్వారక. మౌసలపర్వమున ఆ కథ కలదు. తెలుగున తిక్కన సోమయాజి దానిని రచించెను. గాంధారి శాపమొకవంక; మునులను పరిహసించిన యాదవకుమారులకు తగిలిన శాపము మఱియొకవంక. యాదవులు తమలో తాము కొట్టుకొని నశించిరి. బలరామకృష్ణులు నిర్యాణము నొందిరి. హస్తినాపురినుండి అర్జునుడు వచ్చి మిగిలిన స్త్రీలను, బాలురను, వృద్ధులను వెంటబెట్టుకొని బయలుదేఱగా, వారు విడిచిన చోటెల్ల వెనువెంటనే సముద్రము ముంచివేసెను.

ఈ ఘట్టము పాఠముగ నడచుచుండగా ఒక విద్యార్థి, పల్లెకారుల పిల్లవాడు, లేచి "ఊరు పోతే పోయింది, ఆ జనమంతా ఎక్కడికి పోయినారండి మాస్టారూ?" అని యడిగెను. నగరవర్ణన చదివి మురియు పెద్దలకంటె ఆ పిల్లవాని ప్రశ్న పదునైనది. భారతమున దానికి సమాధానము కలదు. దారిలో ఆభీరులు కఱ్ఱలు పట్టుకొని ఆ నిరాశ్రయుల బిడారుమీద పడిరి. గాండీవము ఎక్కుపెట్టుటయే అర్జునునికి కష్టమైనది; అమ్ములపొదులు వట్టివైనవి; అనేక స్త్రీలు అపహృతలైరి. మిగిలినవారిలో కొందఱిని మార్తికావతమున, కొందఱిని సరస్వతీతీరమున నిలిపి, కృష్ణుని మునిమనుమడు వజ్రుని ఇంద్రప్రస్థమున రాజును చేసిరి. నేల పోయినవానికి సముద్రముకంటె దారి యెక్కువ ప్రమాదమని వ్యాసులవారు ఎఱుగుదురు. మన పురాణశ్రవణములలో ఈ భాగము తఱచుగ దాటివేయబడుచుండును. అది నాకు నచ్చని విషయము.

రెండవది కావేరీపూంపట్టణము. కావేరి సముద్రమున కలియుచోట చోళుల రేవుపట్టణమది. దాని పతనమును చెప్పినది సాత్తనారు అను కవి రచించిన మణిమేఖలై యను ప్రాచీన తమిళ కావ్యము. చోళరాజునకు నాగకన్యయందు పుట్టిన పసికందు ఓడలో వచ్చుచుండగా ఓడ పగిలి బిడ్డ కానరాకపోయెను. రాజు పుత్రశోకముతో బిడ్డను వెదకించుచు ఇంద్రోత్సవము జరిపించుట మఱచెను. అందులకు మణిమేఖలాదేవి శపింపగా సముద్రము నగరమును మ్రింగినదట. ఆమె ఓడలు పగిలి నీటిపాలైన పుణ్యాత్ములను రక్షించు దేవత! బిడ్డను పోగొట్టుకొన్న తండ్రికి, పండుగ మఱచెనని, రక్షకురాలే శిక్ష వేసినది. ఇంతకంటె కఠినమైన కథ నేను చదువలేదు. తరువాతి కాలమున, 1960 ప్రాంతములలో, పురావస్తుశాఖవారు అచ్చటి కీళైయూరున త్రవ్వి ఇటుకలతో కట్టిన పాత ఓడరేవును కనుగొనిరి. గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారు ఆ తీరమున పోటుపాటుల నడుమ ఇటుకకట్టడములును, మట్టివరల బావులును ఉన్నట్లు చూచిరి. కవి మాటయందు మనిషి చేతి ఇటుకయంత నిజము కలదన్నమాట. కాని నిజమునకు ఆయన చెప్పిన కారణము శాపము.

శాపమను కారణమునకు ఒక గుణము కలదు. అది దుఃఖమును ఓర్చుకొనుటకు పనికివచ్చును. జరుగవలసినది జరిగినదని జనము నిట్టూర్చి మఱియొక చోట గుడిసె వేసికొందురు. దానితోపాటు ఒక దోషమును కలదు. శాపముతో వాదింపలేము. దానిమీద ఫిర్యాదు చేయుటకు కచ్చేరి లేదు.

దూరమునుండి చూచువారికి శాపకథ మఱింత యింపు. రాబర్టు సదీ యను ఆంగ్లకవి మహాబలిపురపు దేవాలయములు కొన్ని సముద్రములో మునిగియున్నవను ప్రయాణికుల కథను పట్టుకొని 1810లో ఒక దీర్ఘకావ్యమున జలమగ్న నగరమును వర్ణించెను. ఆ కావ్యమునకు పేరే 'కెహామా శాపము'. ఆయన మనదేశమున అడుగుపెట్టినవాడు కాడు. ఆయన పట్టణమున నీటిక్రింది మేడలు మెఱయును. పడవ పోగొట్టుకొన్నవాడు ఒక్కడును కనబడడు. ఇతరుల మునుక అందముగ నుండుట ఎంత సులభమో ఈ కావ్యము చూచిన తెలియును.

ఇక హాలండు దేశమున జరిగిన సంగతి వేఱు పద్ధతిది. 1421వ సంవత్సరము నవంబరు 18-19 తేదీల నడిమి రాత్రి గాలివానకు డోర్డ్రెక్ట్ పట్టణమునకు చేరువనున్న కరకట్టలు తెగి, పల్లెలు పెక్కు నీట మునిగెను. మఱునాడు ఎలిజబెత్ అను క్రైస్తవ పుణ్యస్త్రీ పండుగ. అందుచేత ఆ వరదకు ఆమె పేరే నిలిచినది. సుమారు డెబ్బది యేండ్లకు, 1490-1495 ప్రాంతమున, ఒక చిత్రకారుడు డోర్డ్రెక్ట్ పెద్దచర్చిలోని పూజాపీఠపు తలుపుచెక్కలమీద ఆ వరదను చిత్రించెను. అతని పేరు ఎవరికిని తెలియదు. ఆ పలకలు ఇపుడు ఆమ్‌స్టర్‌డాములోని జాతీయ చిత్రశాలలో నున్నవి.

ఆ చిత్రమును అచ్చుప్రతిలోనే చూచితిని. ఒక అంచున తెగిన కట్ట. నీటిలో నిలిచిన చర్చి గోపురములు. పడవలలో మూటలతో మనుష్యులు. బిడ్డలను, సామానులను మోసికొని పట్టణపు ద్వారమువైపు పోవువారు. ఇవన్నియు ఏ చిత్రకారుడైన వేయును. నన్ను ఆపినది మఱొకటి. మునిగిన పల్లెలకు ప్రక్కన వాటి పేళ్లు చిన్న యక్షరములతో వ్రాసియున్నవి. ఇది ఫలాన యూరు, ఇది ఫలాన యూరు అని, పటములో వ్రాసినట్లు, పూజాపీఠముమీద వ్రాసిరి. ఆ రాత్రిని కండ్లతో చూచినవారిలో అప్పటికి ఎవరైన మిగిలియుండుట యరుదు. వారి మనుమలు ఆ యూళ్ల పేళ్లు మఱపునకు రాకుండ దేవుని యెదుట నిలిపిరి. ఆ నీటిలో పోయిన పొలములు చాలభాగము మరల పొలములు కాలేదు. అచ్చట ఇపుడు నీటికాలువల నడుమ చెట్లు పెరిగిన చిత్తడినేల కలదు.

అచ్చటి వరదకు కారణములను చరిత్రకారులు తవ్వి తీసిరి. కరకట్టల మూలమున పీటునేలను ఉప్పుకొఱకు త్రవ్వుకొనిరి. రెండు కక్షల ప్రభువులు కలహించుచు కట్టల మరమ్మతు మానివేసిరి. అనగా గాలివాన దేవునిది, తెగిన కట్ట మనుష్యులది. చిత్రకారుడు ఆ నింద ఎవరిమీదను వేయలేదు. అయినను శాపమును చెప్పలేదు. ఊరి పేరు చెప్పెను. శాపకథనుండి మన కాలపు కళకు వచ్చుదారిలో ఇది నడుమ మెట్టని నా యభిప్రాయము.

మన కాలపు కళ యనగా నేను పసిఫిక్ మహాసముద్రపు దీవుల కళను ముఖ్యముగ చెప్పుచున్నాను. తువాలు అను దేశమున తొమ్మిది దీవులు. మొత్తము నేల 26 చదరపు కిలోమీటర్లు. జనము పదునొకండు వేల ప్రాంతము. మన జిల్లాలో ఒక పెద్ద గ్రామపు పొలిమేరలో ఆ దేశమంతయు ఇమిడిపోవును. కిరిబాటి, మార్షల్ దీవులు, తోకెలావు అనునవియు ఇట్టివే: పగడపు పురుగులు కట్టిన వలయములమీద సన్నని యిసుకపట్టీలు, వాటిమీద కొబ్బరిచెట్లు, మనుష్యులు. లోకమున బొగ్గు, పెట్రోలు పొగలలో వీరి వంతు లెక్కకు రానంత స్వల్పము.

ఆ జనమునకు సముద్రము శత్రువు కాదు. ఈ సంగతి మొదట గ్రహింపవలెను. మార్షల్ దీవుల నావికులు కొబ్బరియీనెలను, సన్నని పుల్లలను దారములతో కట్టి సముద్రపటములు చేసెడివారు. దీవులున్నచోట గవ్వలు కట్టుదురు. వంచిన పుల్లలు దీవికి తగిలి వంగి మరలు అలల గుఱుతులు. ఆ పటమును ఓడలోనికి తీసికొనిపోరు. ఒడ్డున కూర్చుండి కంఠస్థము చేసి, నడిసముద్రమున పడవ అడుగు ఊగు తీరునుబట్టి అలను గుర్తింతురు. ఘనపాఠి వేదమును మోసినట్లు వారు సముద్రమును మోసిరి. గ్రంథము చూచి వల్లించువానిని మన పెద్దలు అధమ పాఠకుడని యెంచెడివారు గదా. వారి శాస్త్రమున నదియే మర్యాద!

తువాలు ప్రజల ఆట పేరు ఫాతేలే. నడుమ ఒక చెక్కపెట్టెను పెట్టుకొని మగవారు చుట్టును కూర్చుండి అఱచేతులతో వాయించుచు పాడుదురు. ఆడువారు వరుసలుగ నిలిచి ఆడుదురు. పాట మెల్లగ మొదలై, మరల మరల అదే పల్లవి వడి హెచ్చుచు, పతాకస్థాయిలో ఠక్కున ఆగిపోవును. వెంటనే ఎదుటి పక్షమువారు తమ పాట నందుకొందురు. మన జోడుభజనలు చూచినవారికి ఈ పోటీ రుచి తెలియును. కిరిబాటివారి నాట్యమున చాచిన చేతులు, చివ్వున త్రిప్పు మెడ సముద్రముమీద ఎగురు ఒక పెద్దపక్షిని తలపించును. ఆ పక్షియే వారి జెండామీదను కలదు.

2011లో ఈ మూడు దీవిదేశముల వారు, అనగా కిరిబాటి, తోకెలావు, తువాలులవారు, కలిసి అమెరికాలో ఊరూర ప్రదర్శనము లిచ్చిరి. లాస్ ఏంజెలీసు విశ్వవిద్యాలయమునకు చెందిన ఒక నృత్యాచార్యురాలు దానిని ఏర్పాటుచేసెను. ప్రదర్శనమునకు పెట్టిన పేరు 'నీరు పెరుగుచున్నది'. కాని లోపల ఏడుపు లేదు. తమ ఊళ్లలో పండుగకు ఆడు ఆటనే ఆడిరి, పాడు పాటనే పాడిరి. పోవునది ఎట్టిదో చూపినచో పోవుచున్నదని వేఱుగ చెప్పనక్కఱలేదని వారి యూహ కాబోలు. కరుణరసమునకు ఆలంబనము శోచనీయమైన వస్తువని మన యాలంకారికులు చెప్పుదురు. ఆ వస్తువే నవ్వుచు నాట్యమాడినచో రసమేదగును? నేను చదివిన లక్షణగ్రంథములలో దీనికి ఉదాహరణము లేదు.

2014 సెప్టెంబరు 23వ తేదీన న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి పిలిచిన సభకు ప్రభుత్వాధినేతలు వచ్చిరి. ప్రారంభమున మార్షల్ దీవుల కవయిత్రి కాథీ జెట్నిల్-కిజినర్ లేచి తన పసిబిడ్డ నుద్దేశించి వ్రాసిన పద్యమును చదివెను. సభ లేచి నిలిచి హర్షధ్వానములు చేసెను. ఇచ్చట ఒక్క సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. 1946 మొదలు 1958 వఱకు ఆ దీవులలో అమెరికావారు 67 అణ్వస్త్రపరీక్షలు జరిపిరి. బికినీ దీవివారిని ముందే లేవదీసి ఇతర దీవులకు చేర్చిరి. నేల పోవుట ఆ జాతికి ముందుముందు రాబోవు సంగతి కాదు; తాతల నాటి యనుభవము. అందుచేత ఆమె సభలో పలికినది శాపకథ కాలేదు. తల్లి బిడ్డకు మాట యిచ్చుచున్నట్లు, ఆ మాటకు ఎదుట కూర్చున్న రాజ్యాధిపతులే సాక్షులన్నట్లు ఆ పద్యము నడచినది. రాజసభలో కవి రాజును పొగడుట మనకు తెలియును. కవి వచ్చి రాజులను బాధ్యులుగ నిలుపుట క్రొత్త.

అదే సంవత్సరము అక్టోబరు 17వ తేదీన ఆస్ట్రేలియాలోని న్యూకాసిల్ రేవున జరిగిన సంగతి కళాచరిత్రలో చేర్చవలెనో, కాదో పండితులు తేల్చుకొందురుగాక, నేను చేర్చుచున్నాను. ఆ రేవు బొగ్గు ఎగుమతికి లోకమున పేరుమోసినది. పసిఫిక్ దీవులలోని పండ్రెండు దేశముల యువజనులు తమ తాతల పద్ధతిని పడవలు చెక్కించి అచ్చటికి తెచ్చి, కొండలవంటి బొగ్గు ఓడల దారికి అడ్డముగ నీటిలో నిలిపిరి. మేము మునిగిపోవుచున్నవారము కాము, పోరాడుచున్నవారము అని వారి నినాదము. ఆ పడవలు కళాఖండములే. పడవ చెక్కు విద్య వారికి మనకు శిల్పమువంటిది. చూపఱుల శాలలో పెట్టవలసిన దానిని ఓడ ముక్కుకు ఎదురుగ పెట్టిరి.

ఆ నినాదమున కొంత కోపమును కలదు. అది న్యాయమైన కోపము. మునిగిపోవు దీవులని పేరుపెట్టి, మోకాలిలోతు నీటిలో నిలిచిన పిల్లల బొమ్మలు తీసికొని, పెద్దదేశములవారు తమ చిత్రశాలలలో వ్రేలాడదీయుట మొదలై చాలకాలమైనది. బ్రదికియున్నవానికి శ్రాద్ధము పెట్టిన నెట్లుండును? తువాలు దేశము 2013లోను, 2015లోను వెనిసు నగరపు అంతర్జాతీయ కళాప్రదర్శనమున పాల్గొన్నది. తైవాను కళాకారుడు విన్సెంట్ హువాంగ్ ఆ పని చేసెను. రెండవసారి ఆయన శాల యంతయు నీటితో నింపి, నీటికి తగిలీ తగులని దారిమీద చూపఱులను నడిపించెను. కల్పన మంచిదే. కాని ఫాతేలే పెట్టెమీది అఱచేతి చప్పుడునకు అది సాటిరాదని నాకు తోచును. పాడువారు వేఱు, చూపువారు వేఱు అయినపుడు ఏదో లోటు మిగులును. వెనిసు నగరమునకును ఉపదేశము దూరము కాలేదు. 2019 నవంబరు 12వ తేదీన అచ్చటి పోటునీరు 187 సెంటీమీటర్లకు లేచినది. 1966 తరువాత అంతటి పోటు లేదు.

తువాలు ప్రభుత్వము 2022లో తమ దేశపు రూపమును, పాటలను, ఆచారములను యంత్రగణకములలో ప్రతిబింబముగ భద్రపఱచెదమని ప్రకటించెను. 2023లో రాజ్యాంగమును సవరించి, నేల పోయినను తమ రాజ్యము పోదని వ్రాసికొనిరి. ఆస్ట్రేలియాతో చేసికొన్న ఒడంబడిక 2024 ఆగస్టు నుండి అమలులోనికి వచ్చినది. దానినిబట్టి ఏటికి 280 మంది అచ్చటికి పోయి స్థిరపడవచ్చును. ద్వారకనుండి ఇంద్రప్రస్థమునకు దారి యిపుడు చట్టమున వ్రాయబడుచున్నదన్నమాట. దారిలో ఆభీరులు లేకుండ చూచుకొనుట యిరుపక్షముల భారము. యంత్రములో పాటను దాచవచ్చును. పెట్టెచుట్టును కూర్చుండుటకు మాత్రము నేల కావలెను.

నేల మాఱినను పాట నిలుచునా యను ప్రశ్నకు అదే సముద్రమున ఒక సమాధానము కలదు. బనబ యను దీవిని ఫాస్ఫేటు ఎరువుకొఱకు 1900 మొదలు 1979 వఱకు త్రవ్వి గుల్లచేసిరి. 1945 డిసెంబరు 15వ తేదీన సుమారు వేయిమందిని ఫిజీ దేశములోని రాబీ దీవిలో దింపిరి. ఇది సముద్రము చేసిన పని కాదు, త్రవ్వినవారి పని. అయినను నిర్వాసితుల గతి యొక్కటియే. ఆ జనము ఇప్పటికిని డిసెంబరు 15న దిగిననాటి పండుగ చేసికొని, దీవిని త్రవ్వుట, ఓడయెక్కుట, క్రొత్తనేలమీద దిగుట పాటతో, ఆటతో, నాటకముతో చూపుదురు. పుట్టిన దీవిని చూడని మనుమలు ఆ వేషములు కట్టుదురు. డోర్డ్రెక్ట్ చిత్రకారుడు పేళ్లతో చేసిన పనిని వారు కాళ్లతో చేయుచున్నారు.

ఈ పాటలు కడకు న్యాయస్థానపు మెట్లెక్కినవి. 2019లో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదువు విద్యార్థులు కొందఱు, ఈ విషయమును అంతర్జాతీయ న్యాయస్థానమున అడుగవలెనని తలపెట్టిరి. వనువాటు దేశము దానిని నెత్తికెత్తుకొన్నది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి మహాసభ ఆ ప్రశ్నను న్యాయస్థానమునకు పంపినది. 2024 డిసెంబరున హేగు నగరమున వాదములు జరిగెను. 2025 జులై 23న న్యాయమూర్తులు, శీతోష్ణస్థితిని కాపాడుట రాజ్యములకు చట్టరీత్యా విధియని తమ యభిప్రాయము చెప్పిరి. మణిమేఖలాదేవి శాపమునకు ఫిర్యాదు లేకపోయెను, దీనికి కలదు. కారణము మనిషియైనపుడు కవిత్వము విలాపముతో ఆగదు, అభియోగమగును. రెండువేల యేండ్ల నడుమ వచ్చిన భేదము నా దృష్టిలో ఇదియే.

మన తీరముమాట కొంత చెప్పి విరమించెదను. కోనసీమ ప్రక్క కొరంగి యను రేవు ఒకప్పుడు ఓడలు కట్టుటకు పేరుపొందినది. 1839 నవంబరు తుపానుకును, నది తెచ్చిన ఒండ్రుకును అది చెడినది. రేవు పోయినను పేరు మాత్రము సముద్రము దాటినది. బర్మాకు కూలికి పోయిన తెలుగువారినందఱిని, వారు ఏ యూరివారైనను, అచ్చట కొరంగీలని పిలిచిరి. ఒక రేవు పేరు ఒక జాతికి పేరైనది. అది గౌరవముగ పలికిన పేరు కాదు. ఆ రేవుమీద మనము వ్రాసిన కావ్య మేది? దండి మహాకావ్యలక్షణము చెప్పుచు వర్ణనల పట్టికలో నగరము తరువాత వెంటనే సముద్రమును పెట్టెను. మన ప్రబంధకవులు రెంటిని శ్రద్ధగ వర్ణించిరి. ఆ రెంటి నడుమ నున్న పల్లెకారుల గుడిసెల వరుస మాత్రము వారికి కనబడలేదు.

కాకినాడకు పైదెసనున్న ఉప్పాడ తీరమును కడలి యేటేట కోసికొనుచున్నది. ఇండ్లు పోవుచున్నవి, గాలివాన వచ్చినపుడెల్ల తీరపుబాట తెగుచున్నది. దీనికి పెరుగు సముద్రమట్టమొక్కటియే కారణము కాదు. గోదావరి తెచ్చు ఒండ్రు ఆనకట్టలవెనుక నిలిచిపోవుచున్నది. 1970 ప్రాంతముతో పోల్చిన 1990 ప్రాంతమునకు నది తీరమునకు తెచ్చు మన్ను మూడవవంతునకు దిగినదని పరిశోధకులు లెక్కచూపిరి. కడుపునకు అన్నము పెట్టిన ఆనకట్టయే తీరమునకు మన్ను లేకుండ చేసినది. ఇచ్చట ఒక్కని వేలెత్తి చూపుట కష్టము. పసిఫిక్ దీవులవారి అభియోగమంత తేటగ మన అభియోగము ఉండదు. ఆ యూరి సాలీలు గుంటమగ్గములమీద జాందానీ చీరెలు నేయుదురు. పడుగు దారముల నడుమ పువ్వునకు పువ్వు చేతితో ఇమిడ్చి నేయు పనియది. 2009లో దానికి ఆ యూరి పేరుతోనే భౌగోళిక గుఱుతింపు లభించినది. గుంటలో నీరు ఊరిన మగ్గము సాగదు. ఊరు పేరు చీరెకు తగిలియుండగా ఊరు జరుగవలసివచ్చిన, పేరు చీరెతో పోవునో, ఇసుకతో నిలుచునో చట్టము చెప్పదు.

ఇంకను ఉత్తరముగ పోయిన ఒరిస్సాలో కేంద్రపడా జిల్లా. అచ్చట సాతభాయా అను ఏడు పల్లెల సముదాయమును సముద్రము ఒక్కొక్కటిగ తీసికొన్నది. ఆ యూరి దేవతలు పంచువరాహి యను ఐదుగురు అమ్మవార్లు. పూజ చేయువారు పల్లెకారుల ఆడుపడుచులు. మగవాడు విగ్రహమును ముట్టరాదని అక్కడి కట్టడి. నాలుగు వందల యేండ్లుగ నడచుచున్నదని చెప్పుదురు. అలలు గుడిమెట్లను తాకగా ప్రభుత్వము ఆ జనమునకు బగపాటియా యనుచోట నివేశనస్థలములు చూపినది. అమ్మవార్లు ఱాతివి, ఎత్తరాని బరువు. 2018 ఏప్రిలున ఊరివారు కూడి ఆలోచించి, ఆ యొక్కసారికి మగవారిని విగ్రహములు ముట్టనిచ్చిరి. వారు మోసి బండిమీద చేర్చిరి. దాదాపు పండ్రెండు కిలోమీటర్లు లోనికి తీసికొనిపోయి క్రొత్త గుడిలో దింపిరి. శుద్ధిచేసి, మరల ఆడుపడుచులే పూజకు కూర్చుండిరి.